పాలమ్మే మనిషి బొమ్మ

లండన్‌లో నవంబరు పొగమంచు మధ్యాహ్నానికే వీధిని మింగేసింది. బొమ్మల దుకాణం వెనకగదిలో కెజియా దీపం దగ్గరికి జరుపుకుని రంగులు కలుపుతోంది. ముందుగదిలో యజమాని సైలస్ పిమ్ ఈలవేస్తున్నాడు. రాగిరేకు మీద వ్యంగ్యచిత్రాలు చెక్కి, అచ్చువేసి అమ్మడం అతని పని; వాటికి రంగులు వేయడం కెజియా పని. మంత్రుల్ని నవ్వులపాలు చేయడంలో పెట్టింది పేరు.

ఇప్పుడు అచ్చవుతున్న ఈ బొమ్మ మాత్రం మంత్రిది కాదు. పాలమ్ముకునే టాబిథా క్రౌచ్‌ది. నడివీధిలో పిమ్ తన చెయ్యి పట్టుకుంటే ఆమె అతని చెంప ఛెళ్లుమనిపించింది. వారం తిరక్కుండా ఆమెను పందిమూతితో, తాగి దొర్లుతున్నట్టు చెక్కి దుకాణం కిటికీ అద్దానికి తగిలించాడు. ఆ మూతికి ఎరుపు వేసింది కెజియానే, పకపకా నవ్వుతూ. అది మొదలు టాబిథా ఎటు వెళ్లినా జనం పందుల్లా గుర్రుమన్నారు. ఆమె పాలు కొనేవాళ్లే లేకపోయారు. మొన్న ఆదివారం థేమ్స్ నదిలో శవమై తేలింది.

"చచ్చినా దీని గిరాకీ తగ్గలేదే!" అంటూ పిమ్ ఇంకో వంద అచ్చు వేశాడు.

కెజియా పై కాగితం తీసింది. వీధి ఉంది. పాలబిందెలున్నాయి. టాబిథా ఉండాల్సిన చోట తెల్లగా ఖాళీ.

"అయ్యగారూ... ఆమె ఏదీ?"

"సిరా అంటలేదేమోనే. ఇంకోటి తియ్యి."

తీసింది. లేదు. ఇంకోటి... లేదు.

అప్పుడొచ్చింది వాసన. నది బురద, విరిగిన పాలు. ముందుగదిలో చెక్కనేల మీద తడికాళ్ల చప్పుడు... పిమ్ వెనకాలే ఆగింది.

"ఎవరది?" అన్నాడతను.

"నవ్వవేం, పిమ్?" ఆడగొంతు. గుసగుసగా.

అద్దం బయట గుమిగూడిన జనం ఒక్కసారిగా ఘొల్లుమన్నారు. బొమ్మల్ని చూసి కాదు. పిమ్‌ని చూసి. అతను రెండు చేతులా మొహం తడుముకున్నాడు. అరవబోయాడు. మాట రాలేదు... గుర్రుమనే చప్పుడొచ్చింది. తలుపు తోసుకుని పరిగెత్తాడు. నవ్వులు థేమ్స్ వంతెన దాకా అతన్ని తరుముకుంటూ పోయాయి. అక్కడ ఠక్కున ఆగిపోయాయి.

కెజియా వెనకదారిన ఇంటికి పడుతూ లేస్తూ పరిగెత్తింది. "నేను రంగే వేశాను తల్లీ... రంగు మాత్రమే..."

తలుపు బాదింది. మార్గెరీ పిన్ని గడియ తీసి, కొవ్వొత్తి పైకెత్తింది.

"ఏమైందే పిల్లా, ఆ రొప్పు..."

మాట సగంలో ఆగింది. పిన్ని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. భుజాలు అదురుతున్నాయి.

"పిన్నీ... ఎందుకు నవ్వుతున్నావు?"