పంప్ హౌస్ దాటాక

ఇంగ్లండులోని లింకన్‌షైర్‌లో ఒక కాలవ గట్టు మీద పాడుబడ్డ పంప్ హౌస్ ఒకటుంది. పొద్దు వాలితే కుక్కల్ని తిప్పేవాళ్లు కూడా అటు పోరు. అక్కడ కంటికేమీ కనిపించదట. వెనక ఎవరో నడుస్తారట... అంతే.

ఈ మాట డాక్టర్ విజయకుమార్‌కి మధ్యాహ్నమే తెలిసింది. భోజనానికి ఆగిన కేఫ్ నడిపే ఆవిడ చెప్పింది. ఆయన మర్యాదగా తలూపి, భార్య ప్రఫుల్ల వైపు తిరిగి తెలుగులో, "టూరిస్టుల కోసం అల్లిన కథలు" అన్నాడు.

కోవెంట్రీలో పెద్ద పేరున్న డాక్టరాయన. రౌండ్‌కొస్తున్నాడంటే వార్డులో జూనియర్లు గొంతు తగ్గిస్తారు. వచ్చే ఏప్రిల్‌లో మొగుడూ పెళ్లాలిద్దరూ హాలండ్‌లో సైకిళ్ల మీద తిరగాలని ప్లాను. ముందు కాళ్లకి అలవాటు కావాలిగా. అందుకని హాలండ్ లాగే బల్లపరుపుగా ఉండే ఈ ప్రాంతానికి, కారు వెనక సైకిళ్లు కట్టుకుని ఆదివారం పొద్దున్నే వచ్చారు.

రోజంతా హాయిగా గడిచింది. నల్లటి దుక్కి, గీత గీసినట్టు కాలవలు, ఎక్కడో ఒక గాలిమర. ముప్పై ఏళ్ల తర్వాత సైకిలెక్కిన ప్రఫుల్ల కాలేజీ పిల్లలా తొక్కింది. ఒక్కటే మరిచిపోయారు — చలికాలం వస్తోందని దేశమంతా గడియారాలు గంట వెనక్కి తిప్పింది ఆ రోజే. ఇంకా టైముందనుకుంటుండగానే చీకటి పడిపోయింది.

సరిగ్గా పంప్ హౌస్ ముందు ప్రఫుల్ల వెనక చక్రంలో గాలి పోయింది. కొట్టినా నిలవలేదు.

"కారు ఇంకా రెండు మైళ్లండీ..." అంది.

"నడుద్దాం పద. నేను వెనక ఉంటా, నా లైటులో నువ్వు ముందు నడువు."

ఇద్దరు పక్కపక్కన పట్టే దారి కాదది. అటూ ఇటూ దురదగొండి, కింద బురద. సైకిళ్లు తోసుకుంటూ కొంతదూరం వెళ్లారు.

అప్పుడు వినిపించింది ఆయనకి.

అడుగులు. తన వెనక.

ఆగాడు. అవీ ఆగాయి. బాతేదో కాలవలో దిగిందనుకున్నాడు. కదిలాడు... అవీ కదిలాయి. నిదానంగా, బరువుగా — పెద్ద బూట్లు వేసుకున్న మనిషి బురదలో నడిచినట్టు.

వెనక్కి తిరిగి చూస్తే తేలిపోయేది. మెడ తిరగలేదు.

ఎడమ పక్క కాలవ మీద చిన్న చెక్క వంతెన. అవతల తారు రోడ్డు. ప్రఫుల్ల నాలుగు గజాల ముందు, తల వంచుకుని పోతోంది. పిలవొచ్చు. పిలిస్తే ఆగుతుంది. ఇద్దరూ ఆగితే... అది దగ్గరికొస్తుంది.

ఆయన పిలవలేదు.

లైటు ఆర్పేశాడు. సైకిల్ భుజానికెత్తుకుని, చప్పుడు కాకుండా, దొంగలా వంతెన దాటాడు. రోడ్డెక్కి తొక్కడం మొదలుపెట్టినవాడు చర్చి పక్కన పెట్టిన కారు చేరేదాకా ఆగలేదు.

తలుపులు లాక్ చేసుకున్నాక ఊపిరి అందింది. ఊపిరి అందాక, తనేం చేశాడో తెలిసొచ్చింది.

ఫోన్ తీశాడు. ప్రఫుల్ల పేరు దాకా వెళ్లి ఆగిపోయాడు. ఏమని చెప్తాడు? టార్చి పట్టుకుని ఎదురెళ్లాలి. తలుపు హ్యాండిల్ మీద చెయ్యి వేశాడు. తీసేశాడు. మళ్లీ వేశాడు. చావుబతుకుల్లో ఉన్నవాళ్లకి రోజూ ధైర్యం చెప్పే మనిషి... ఆ తలుపు తియ్యలేకపోయాడు.

అరగంట గడిచింది.

కారుకి ఎదురుగా, గట్టు చివర ఇనప గేటు కిర్రుమంది. ప్రఫుల్ల. ఒక్కతే, సైకిల్ తోసుకుంటూ, మోకాళ్ల దాకా బురదతో.

ఆయన దిగాడు. కారు తెద్దామని వచ్చానని అబద్ధం సిద్ధంగా పెట్టుకున్నాడు. ఆవిడే ముందు మాట్లాడింది.

"నన్ను దాటి ఎప్పుడొచ్చారండీ? గేటు దాకా నా వెనకే ఉన్నారుగా."

ఆయన ఆవిడ చేతిలోంచి సైకిల్ అందుకున్నాడు.

"మీ లైటు ఆరిపోయినప్పుడు గుండె జారిపోయింది నాకు. తర్వాత మీ అడుగులు వినపడ్డాయి కాబట్టి నడిచా. రెండుసార్లు పిలిస్తే పలకలేదేం?" అంది ప్రఫుల్ల. "సైకిల్ గుంటలో దిగబడితే వెనక నుంచి తోశారు చూడండి... అప్పుడు ఏడుపొచ్చేసింది. పోనీలెండి. వదిలిపెట్టకుండా వచ్చారు. నాకదే చాలు."

చెప్పెయ్యాలి. ఇప్పుడే, ఈ క్షణమే చెప్పెయ్యాలి.

"నిన్నొదిలేసి ఎట్లా వస్తాను?" అన్నాడు విజయకుమార్.

ప్రఫుల్ల ఆయన భుజానికి తల ఆనించింది.

అప్పుడు ఆవిడ తెరిచి వదిలేసిన గేటు మెల్లిగా మూసుకుంది. గొళ్లెం పడింది. బురదలో అడుగులు... నిదానంగా, బరువుగా, పంప్ హౌస్ వైపు వెళ్లిపోయాయి.

ఆయన అటు తలెత్తి చూడలేకపోయాడు. ఈసారి భయం వల్ల కాదు.