రెండో రోజు రెండు గంటలు

"ఇది చెల్లదండీ," అంది మినోరి, కాగితం వెనక్కి తోస్తూ.

సోయిచి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "అన్నీ రాశానుగా. టెంట్ రంగు కూడా."

"రెండో రోజు తొమ్మిదికి సెకితా కనుమ దాటుతున్నారు. గంట నడకకి మూడు గంటలు వేసుకున్నారు. ఆ రెండు గంటలూ ఏం చేస్తారు?"

"కూర్చుంటాను. వ్యూ బావుంటుంది."

"జూన్‌లో అక్కడ పొగమంచు తప్ప ఏమీ కనపడదు."

జపాన్‌లోని ఈయామాలో, కొండబాట ఆఫీసులో ఇలాంటి కాగితాలు సరిచూడటమే ఆమె ఉద్యోగం. వంద కిలోమీటర్ల బాటలో శిఖరాల మీదుగా వెళ్లేవాళ్లు ఏ పూట ఎక్కడుంటారో, తప్పిపోతే ఇంట్లో ఎవరికి చెప్పాలో ముందే ఆమెకి రాసివ్వాలి. సోయిచి వడ్రంగి. ఇళ్లలో పెట్టుకునే బుద్ధుడి మందిరాలు చేస్తాడు.

మర్నాడు మళ్లీ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. ఆమె సామాన్ల జాబితాలో అతని డబ్బా కూరలు సగం కొట్టేసింది, నీళ్లు దొరికే చోట్లు గుర్తుపెట్టింది. రెండు గంటల ఖాళీ మాత్రం అలాగే ఉంది.

"మీకు వేరే పనేం లేదా?" అంది నాలుగో రోజు.

"ఉంది. మందిరానికి లక్క ఆరాలి. ఒక్కో పూతకీ రోజులు పడుతుంది." అతను కాగితం మీద వేలు పెట్టాడు. "ఇక్కడ రెండో పేరుకి చోటుంది. మీరూ రాకూడదూ?"

మినోరి పెన్ను మూత పెట్టింది. "మా అమ్మ పంపదు."

ఆ ప్రాంతంలో జూన్ వస్తే కూరకి కొండ వెదురు మొలకలు కోసుకోడానికి వెళ్తారు. ఎవరి చోటు వాళ్లకి రహస్యం. పెళ్లానికి కూడా చెప్పరు. పదకొండేళ్ల క్రితం మినోరి తండ్రి "వాగు అవతలికి" అని చెప్పి వెళ్లాడు. ఊరంతా పదకొండు రోజులు వాగు అవతలే వెతికింది. ఆయన ఇవతల దొరికాడు, ప్రాణం లేకుండా. వెళ్లేవాళ్లు ఒక్కసారే వెళ్తారు. ఇంట్లో ఉన్నవాళ్లు గుమ్మం వైపు చూస్తూనే ఉంటారు.

సోయిచి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆదివారం వాళ్లింటికి వెళ్లాడు.

మినోరి తల్లి ఫుమియె లోపల కూర పెట్టి కాల్చే "ఓయాకి" రొట్టెలకి పిండి కలుపుతోంది. తల ఎత్తకుండానే అడిగింది.

"రెండు గంటలు దాచిన బాబువి నువ్వేనా?"

"నేనేనండీ, పిన్నిగారూ."

"మొలకల కోసమేగా?"

"అవునండీ. తాతయ్య చూపించిన చోటు."

"ఎవరికీ చెప్పొద్దన్నాడా?"

"ఇంటివాళ్లకైతే చెప్పచ్చన్నాడండీ."

అతను బల్ల మీద మ్యాప్ పరిచి, ఎర్ర పెన్సిల్‌తో చిన్న సున్నా చుట్టాడు. ఆ ఊళ్లో అలాంటి సున్నాకి అర్థం చెప్పక్కర్లేదు. మినోరి చెవులు ఎర్రబడ్డాయి.

ఫుమియె చేతుల పిండి దులుపుకుని, సున్నా వైపు చూస్తూ ఉండిపోయింది.

"మా అమ్మాయిని అడిగావా?"

"లేదండీ. ముందు మీకు ఇది చూపించాలనిపించింది."

"నేనిక్కడే ఉన్నాను," అంది మినోరి.

సోయిచి ఆమె వైపు తిరిగాడు. "వస్తారా?"

"ఎక్కడికి?"

"ముందు కొండకి."

మినోరి అతని కాగితం తీసుకుని రెండో వరసలో తన పేరు రాసింది. ఇంటి మనిషి పేరు రాయాల్సిన గడి దగ్గర ఆగి, తల్లి వైపు చూసింది.

ఫుమియె పెన్ను లాక్కుని తన పేరు తనే రాసింది. "నాలుగో రోజు మూడింటికి దిగుతామన్నారు. నాలుగు దాటితే పోలీసులకి ఫోన్ చేస్తాను. నలుగురిలో పరువు పోతుందని చూడను."

"చెయ్యండి," అన్నాడు సోయిచి.

నాలుగో రోజు వాన. ఫుమియె పన్నెండు నుంచే బాట చివర గొడుగు కింద నిలబడింది. రెండూ నలభైకి చెట్ల మధ్య, ఎలుగుబంట్లు దగ్గరికి రాకుండా సంచీకి కట్టుకునే గంట వినిపించింది. ముందు ఒక టోపీ కనిపించింది. రెండోది కనిపించేదాకా ఆమె ఊపిరి పీల్చుకోలేదు.

ఇద్దరూ బురదలో మునిగి ఉన్నారు. చేతులు మాత్రం పట్టుకునే ఉన్నారు. ఆమె వాటిని చూడనట్టే సంచీ అందుకుని, విప్పి, ఒక మొలక విరిచి చూసింది.

"ముదిరినవన్నీ కోసుకొచ్చారు," అంది. "వచ్చే ఏడు నేనూ వస్తాను."