గాడిలో పట్టని దోసకాయలు

పొద్దున్నే కీరా దోసకాయ తరగబోతూ ఆమె ముందు దాని వంపు చూసింది. చేతికి అలవాటు. కూరగాయల దుకాణంలో సరుకు పరీక్షించడం ఆమె ఉద్యోగం. చెక్కలో చెక్కిన గాడి ఒకటి ఉంటుంది. కాయ అందులో తిన్నగా పడుకుంటే అమ్మకానికి, లేకపోతే వెనక్కి. వంకరకు వంక పెట్టినందుకే జీతం. జీవితం గాడిలో పడిందని చుట్టాలు మెచ్చుకున్నారు. నిజమే, ఆరేళ్లుగా ఆమె గాడిలోనే ఉంది. ఏ కాయను చూసినా ఏమీ అనిపించదు.

తలుపు చప్పుడైంది. అన్నయ్య లోపలికొచ్చి దోసకాయల పెట్టె ఒకటి బల్ల మీద దించాడు. దానికి కట్టిన పచ్చ పీలిక ఆమె పాత చున్నీదే.

"నిన్న వెనక్కి పంపావు. నావని తెలీదు కదే?" తెలీదంటే చాలన్నట్టు అడిగాడు.

"తెలుసు. పీలిక చూశా."

"చూసి కూడానా?"

"గాడిలో పట్టలేదన్నయ్యా."

"దోసకాయదేం దోషం బావగారూ!" అని నవ్వించబోయాడు ఆమె భర్త. ఎవరూ నవ్వలేదు. నోరు మూసుకుని మంచినీళ్లు తెచ్చాడు.

అన్నయ్య తాగలేదు. "మోటారు కాలిపోయింది. తొమ్మిది రోజులు నేనూ మీ వదినా బిందెలతో పోశాం. నీళ్లు చాలక కాయ వంగింది. చావలేదు, వంగిందంతే. ఇక నావల్ల కాదు. రేపు తీగలు పీకేసి కౌలు చేను అప్పజెప్పేస్తా."

"ఇదంతా నిన్ననే చెప్పొచ్చుగా!"

"ఎవరికి చెప్పనే? చెక్కకా?"

ఆమెకు ఏడుపూ రాలేదు. అన్నయ్య కుర్చీలో కూర్చున్నా నడుము నిటారు కాలేదు. ఆమె చూపు ఆ వంపు దగ్గరే ఆగిపోయింది. ఓ కాయ కోసి ముక్క నోట్లో పెట్టుకుంది. చల్లగా ఉంది. లోపలంతా నీళ్లే.

"పెట్టె ఎత్తు. నాతో రా," అంది.

ఈ కాయల్ని గుమ్మం దగ్గర పెట్టి అమ్ముతానంటే దుకాణం మేనేజరు కళ్లు పెద్దవి చేశాడు. "నీకేమైనా పట్టిందా?"

"ఇన్నాళ్లూ ఏమీ పట్టలేదు సార్. అదే తప్పు."

"సాయంత్రం దాకా చూస్తా. మిగిలినవి నువ్వే మోసుకెళ్లు."

గుమ్మం పక్కన అన్నయ్యను స్టూలు మీద కూర్చోబెట్టింది. గాడి చెక్కను బోర్లా తిప్పి, దాని వీపు మీదే ముక్కలు కోసింది. గంటసేపు అందరూ చూసి పోయినవాళ్లే. చివరికి ఒక బస్సు కండక్టరు ఆగాడు.

"ఇలా వంగిందేంటండీ?"

అన్నయ్య తల వంచుకున్నాడు. "చెప్పన్నయ్యా," అంది.

చెప్పాడు. మోటారు గురించి, బిందెల గురించి, పూత మీద వాలే తేనెటీగల గురించి. ఒకరు నలుగురయ్యారు, నలుగురు పదిమందయ్యారు. ఎరువులేం వేస్తారని ఒకరు, వానొస్తే ఏంచేస్తారని మరొకరు అడిగారు. మాటల మధ్యే సంచులు నిండాయి.

"మా పిల్లలు దోసకాయ ఫ్రిజ్‌లో కాస్తుందనుకుంటున్నారు," అంది ఒకావిడ. "ఆదివారం తీసుకొస్తే చేను చూపిస్తారా?"

అన్నయ్య చెల్లెలి వంక చూశాడు. ఆమె కోస్తున్న కత్తి ఆపింది.

"రండమ్మా," అన్నాడు.

"ఆదివారానికి తీగలుంటాయా?" చెల్లెలు గొణిగినట్టు అడిగింది.

"ఉండకపోతే ఎలాగే? జనం వస్తున్నారుగా."

ఆమె తలూపి ఇంకో కాయ అందుకుంది. కొయ్యబోతే కాయ కనిపించలేదు, కళ్ల నిండా నీళ్లు.