మణికట్టుకు జంట

ఏడో గదిలో ఆ ఉదయానికది మూడో మణికట్టు. హైమవతి దాన్ని మెత్త మీద సర్ది, విరిగిన ఎముక బొమ్మను తులనకు పంపింది; ఒకేలాంటి ఇద్దరు రోగులను జతచేసి, చెరో పద్ధతి కేటాయించి, ఫలితాలు పోల్చే యంత్రమది. ఆమె ఎముకల డాక్టరే, కానీ కత్తి వదిలి పన్నెండేళ్లయింది. కోత, కుట్టు అన్నీ యంత్రహస్తానివి. సాక్షిగా వేలిముద్ర వేయడం ఒక్కటే ఆమె పని.

తెర మీద జవాబు వచ్చింది. జంట దొరికింది: మరో ఊళ్లో తొంభై నాలుగో గది, అదే వయసు, అదే విరుపు. ఎముక కలపడానికి అక్కడ ప్లేటు, ఇక్కడ తీగలు.

"ఏటొచ్చిందమ్మా?" అన్నాడు మత్తుమందుతో చెయ్యి మొద్దుబారి బల్ల మీద పడుకున్న మైలపల్లి నూకరాజు.

"తీగలు."

అతని ముఖం పాలిపోయింది. "మా అన్నకీ అయ్యే ఏసినారు. ఇప్పుడు ఒడ్డున కూకోని వలలు కుట్టుకుంతన్నాడు. వల ఇసరాలంటే మణికట్టు తిరగాల కదమ్మా."

ఆ అన్న ఆమెకు గుర్తున్నాడు. ఏడాది తర్వాత పరీక్షలో గ్లాసు పట్టుకున్నాడు, బొత్తాం పెట్టుకున్నాడు. నూటికి నూరు మార్కులు. వల సంగతి ఆ పరీక్షలో లేదు. ముప్పై ఏళ్లుగా తులన తేలుస్తున్నది ఒకటే, రెండు పద్ధతులకూ తేడా లేదని. అలాంటి ఎన్ని మణికట్లకు తాను వేలిముద్ర వేసిందో హైమవతి లెక్కపెట్టబోయి మానేసింది.

జంటలో పద్ధతులు తారుమారు చేయమంటే తీగలు తొంభై నాలుగో గదిలోని మనిషికి పోతాయి. మిగిలింది, రోగి ఈ పోలికకు పనికిరాడని చెప్పే "తగడు" అనే మీట. నొక్కితే జంట విడిపోతుంది, యంత్రహస్తం ఇద్దరినీ ముట్టదు. ఇన్నేళ్లలో దాన్ని నొక్కినవారు లేరు. అక్కడా తనలాంటి డాక్టరే ఉంటారు కదా అనుకుంది.

"నేనే ప్లేటు వేస్తాను. చెయ్యి అలవాటు తప్పింది. సరేనా?"

"తమరే సెయ్యండమ్మా."

ఆమె నొక్కింది. కారణం గడిలో "వల విసురుతాడు" అని రాసింది. యంత్రహస్తం ముడుచుకుపోయింది. చేతులు శుభ్రం చేసుకుని, తొడుగులు వేసుకుని కత్తి అందుకుంది. చర్మం మీద మొదటి గాటు పెట్టగానే గోడ మీది మాటలపెట్టెలో ఓ అమ్మాయి గొంతు వినిపించింది.

"మేడం, తొంభై నాలుగు నుంచండీ. మా యంత్రం మధ్యలో ఆగిపోయింది. అప్పటికే చెయ్యి కోసేసిందండీ. నేను డాక్టర్ని కాదు, నన్ను వేలిముద్రకే పెట్టుకున్నారు."

హైమవతి పెట్టె వైపు తిరిగింది. "గుడ్డ పెట్టి గట్టిగా అదిమి పట్టుకో."

"పట్టుకున్నానండీ. ఎంతసేపు?"

హైమవతి నూకరాజు గాటు మీద గుడ్డ పెట్టి తానూ అదిమి పట్టుకుంది.