రెండో మేకు

పొద్దున్నే ఓయ్దిన్ వేడి రొట్టెను ఒక్కసారి కొరికి, మిగిలింది గుడ్డసంచిలో పెట్టి గోడకు తగిలించింది. ఆ మేకు నిన్న తనే కొట్టుకుంది. పక్క మేకుకు నాలుగేళ్లుగా అన్న బహ్రామ్ కొరికిన రొట్టె వేలాడుతోంది. ఇల్లు విడిచి వెళ్లేవాళ్లు కొరికి వెళ్లాలి, తిరిగొచ్చి మిగతాది తినాలి. ఆటిజం ఉన్న ఓయ్దిన్‌కు ఆచారమంటే ఆచారమే.

మర్గిలాన్ పట్నం బజారు ఊరికి దూరమేమీ కాదు. కానీ పదిహేడేళ్ల పిల్ల ఒంటరిగా బస్సెక్కి, రొట్టెల బట్టీలో పనికి పోవడం ఇదే మొదటిరోజు. తల్లి జుమ్రద్ ఎనిమిది నెలలు పక్కన కూర్చుని నేర్పింది.

"ఎక్కడ దిగాలి?"

"పచ్చ గేటు దగ్గర. 'అన్నా, ఆపండి' అనాలి. ఆపకపోతే గట్టిగా అనాలి. ఏడవకూడదు."

అప్పుడే లోపలికొచ్చిన తండ్రి ఎర్గాష్ గోడ మీద రెండో సంచి చూశాడు.

"ఎవరు తగిలించారిది?"

"నేనే నాన్నా. పనికి పోతున్నా."

చెంప ఛెళ్లుమంది. ఓయ్దిన్ చెవులు మూసుకుని గోడకేసి తల బాదుకోసాగింది. ఎర్గాష్ విసిరిన టీ కూజా గడప మీద భళ్లున పగిలింది. సంచి పీకి నేలకేసి కొట్టాడు. రొట్టె బయటికొచ్చి బోర్లా పడింది.

"దీనికి పనెందుకు? ఊరంతా నవ్వడానికా? నేను తిండి పెట్టట్లేదా?"

జుమ్రద్ అప్పడాల కర్ర ఎత్తి అతని మణికట్టు మీద ఒక్కటిచ్చింది.

"ఇంకోసారి చెయ్యెత్తావంటే రెండో చెయ్యి కూడా విరగ్గొడతా! నువ్వు చచ్చాక ఎవడు పెడతాడ్రా దానికి తిండి?"

పెళ్లయిన ఇరవై ఆరేళ్లలో ఆమె మొగుణ్ని 'మీరు' అని తప్ప పిలిచి ఎరుగదు. ఎర్గాష్ ఆమె జుట్టు పట్టి గోడకు అదిమాడు.

"బహ్రామూ ఇలాగే కొరికి వెళ్లాడే! రష్యా నుంచి శవపెట్టెలో వచ్చాడు! వాడి మిగతా రొట్టె ఎవరు తింటారే?"

అంటూనే పట్టు వదిలేసి భోరుమన్నాడు. కోపమంతా భయమేనని జుమ్రద్‌కు అప్పుడర్థమైంది.

ఓయ్దిన్ నుదుటి నుంచి రక్తం కారుతోంది. ఆమె వంగి రొట్టె తీసి, ముద్దాడి, మూడుసార్లు నుదుటికి ఆనించుకుంది. మళ్లీ సంచిలో పెట్టి తగిలించింది.

"రొట్టె బోర్లా పడకూడదు నాన్నా. ఏడూ ఇరవైకి బస్సు."

జుమ్రద్ గాయం తుడిచి, తలకు రుమాలు కట్టింది. వెళ్లొద్దని మాత్రం అనలేదు.

ఎర్గాష్ ఆ రోజంతా వాచిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని వాకిట్లోనే కూర్చున్నాడు. ఐదూ పదికి తలుపు చప్పుడైంది.

"వచ్చాను. డ్రైవరు ఆపలేదు. గట్టిగా అన్నా. ఏడవలేదు."

ఓయ్దిన్ సంచి దించి రొట్టె కొరికింది. ఎండిపోయి పళ్లకు లొంగలేదు. ఎర్గాష్ దాన్ని అందుకుని టీలో నానబెట్టబోయాడు. అంచుకు రక్తపు మరక కనబడింది. రొట్టెను పారెయ్యకూడదు. ఆ ముక్క తుంచి తనే నోట్లో పెట్టుకున్నాడు. మిగతాది టీలో ముంచి కూతురికిచ్చాడు.

"కొట్టకూడదు నాన్నా."

"కొట్టనమ్మా. ఇంకెప్పుడూ కొట్టను."

మర్నాడు పొద్దున గుమ్మం దగ్గర, కట్టు కట్టిన చేత్తో వేడి రొట్టె పట్టుకుని నిలబడ్డాడు.

"కొరుకు తల్లీ. సాయంత్రం వచ్చి మిగతాది తినాలి, గుర్తుందా?"

"నాకు గుర్తే. నువ్వే కింద పడెయ్యకు."