బ్రాకెట్ మూసిన తర్వాత

దర్జీ మెడలో టేపు అలాగే ఉంది. మనిషి మాత్రం కుట్టుమిషన్ మీదికి వాలిపోయాడు. పట్టపగలు చొక్కా కొలతలిస్తామని వచ్చిన ఇద్దరు సైలెన్సర్ పిస్టల్‌తో రెండుసార్లు కాల్చి, తలుపు దగ్గరగా వేసి మరీ వెళ్ళారు.

మర్నాడు పదకొండున్నరకు పెద్దాయన ఆ ఫోటోను బల్ల మీద పెట్టాడు. ఎదురుగా కూర్చున్న ఏజెంటును డిపార్ట్‌మెంట్‌లో అందరూ గడియారం అంటారు. పదేళ్ళ సర్వీసులో అతని కబురు ఒక్కసారే ఆలస్యమైంది. అదీ మెషీన్ వల్ల, ఎనిమిది సెకన్లు. ఆ ఎనిమిది సెకన్లలో అతని జోడీ ఏజెంటు ప్రాణం పోయింది.

"దర్జీ మనవాడని నాకు తెలుసు, మన సర్వరుకు తెలుసు," అన్నాడు పెద్దాయన. "నేనైతే ఎవరికీ చెప్పలేదు."

ఒక కాగితం ముందుకు తోశాడు.

డిపార్ట్‌మెంటు పైకి కొరియర్ కంపెనీ. రహస్య రిపోర్టులూ, పార్సిల్ కబుర్లూ ఒకే సర్వరు నుంచి వెళ్తాయి. వాటిని జేసన్‌గా, అంటే వంకీ బ్రాకెట్ల మధ్య అక్షరాలుగా, మార్చే కోడు లైబ్రరీ కూడా ఒకటే. కాగితం మీద మొన్న మధ్యాహ్నం ఒక విదేశీ వర్తక కార్యాలయానికి వెళ్ళిన కబురుంది. పార్సిల్ అందింది, బ్రాకెట్ మూసుకుంది. దాని వెనకాల ఇంకా అక్షరాలున్నాయి: "ర్జీ కొట్టు, మూడో సందు."

"మూసిన బ్రాకెట్ దగ్గర చదవడం ఆపేస్తుంది ఏ ప్రోగ్రామైనా. వాళ్ళు ఆపలేదు."

గడియారం కాగితాన్ని దగ్గరకు లాక్కున్నాడు. ఆ కోడు అతనికి తెలుసు. ప్రతి కబురుకూ కొత్త బఫర్, అంటే అక్షరాలు పేర్చే ఖాళీ చోటు, తీసుకుంటే టైము దండగని పాతదే వాడతారు. తుడవడమూ దండగే, పాత అక్షరాల మీదే కొత్తవి రాసేస్తారు. పొడవు కొలవకుండా మొత్తం బ్లాకు పంపేస్తారు. పొడవాటి రిపోర్టు తర్వాత పొట్టి కబురు వెళ్తే, రిపోర్టు తోక దాని వెనకాలే వెళ్తుంది.

ఆ కోడు రాసింది నెమలి, అప్పట్లో డిపార్ట్‌మెంటు ప్రోగ్రామరు. ఆ ఎనిమిది సెకన్ల తర్వాత స్పీడు, స్పీడు అని ఆమెను నిద్రపోనివ్వనిది అతనే. కోడు రివ్యూలో "చదివాను" అని సంతకం పెట్టిందీ అతనే. చదవలేదు. ఆ రోజు ఆమె అతని కుర్చీ చేతి మీద కూర్చుని ఉంది.

ఆమె అతన్ని వదిలి వెళ్ళి రెండేళ్ళు. నెల కిందట కన్సల్టెంటుగా మళ్ళీ సర్వరు రూముకొచ్చింది.

"ఇవాళ్టి రిపోర్టు చివర మీ అక్క ఇంటి అడ్రసుంది," అన్నాడు పెద్దాయన.

ఆస్పత్రిలో నర్సు అక్క. అతని కోసమే డిపార్ట్‌మెంటుకు కబుర్లు చేరవేసే ఈ పనిలోకి దిగింది.

"ఫోను చేశారా అండీ?"

"నైట్ డ్యూటీ చేసొచ్చి ఫోను ఆపేసి పడుకుంది. అక్కడికి గంట ప్రయాణం. వాళ్ళ మనుషులు ఆ పేటలోనే ఉన్నారు. పన్నెండుకు వర్తక కార్యాలయానికి పార్సిల్ కబురు వెళ్తుంది."

"ఆపేద్దాం."

"ఆపితే మీ అక్క బతుకుతుంది. దర్జీని చంపినవాళ్ళు జారిపోతారు. ఆపకు. అడ్రసు మార్చు."

పదకొండూ యాభై ఏడుకు ఏసీ మెకానిక్ ఒకడు నిచ్చెనతో సర్వరు రూములోకి వచ్చాడు. నెమలి తల తిప్పింది. మెడలో పింఛం రంగు స్కార్ఫు, అదే సెంటు.

"చల్లబడటం లేదని కంప్లయింటమ్మా."

"ఎడంచేత్తో నిచ్చెన మోసే మెకానిక్ నాకొక్కడే తెలుసు," అంది. చేతిలో చిన్న పిస్టల్. "ఎలా ఉన్నావు?"

"దర్జీ కంటే నయం."

ఆమె ముఖం పాలిపోయింది. "మొదట స్పీడు కోసమే రాశాను. నమ్ము. ఆ తోకలను కొనేవాళ్ళుంటారని తర్వాత తెలిసింది. నువ్వు ఒక్కసారి చదివి ఉంటే, అప్పుడే పట్టుకునేవాడివి."

అతను నిచ్చెన గోడకు ఆనించాడు. జేబులో కళ్ళజోడు పెట్టె ఉంది. లోపల సర్వరు పక్కనుంటేనే పనిచేసే ట్రాన్స్‌మిటర్. ఉదయం వెళ్ళిన రిపోర్టునే అందులో ఎక్కించి, చివరి వరస మార్చాడు. కొత్త అడ్రసు అక్కదానికంటే పొట్టి. ఒక్క అక్షరం తగ్గినా అక్క ఇంటి నంబరు మిగిలిపోతుంది. అందుకే "పై అంతస్తు" అని చేర్చి, రెండుసార్లు లెక్కపెట్టాడు.

పదకొండూ యాభై తొమ్మిది దాటి యాభై ఎనిమిది సెకన్లు. జేబులోనే మీట నొక్కాడు.

పన్నెండు. పార్సిల్ కబురు వెళ్ళిపోయింది.

నెమలి స్క్రీను వైపు తిరిగి, దాని తోక చదివింది. పిస్టల్ దానంతటదే కిందికి దిగింది. అతను దాన్నీ, ఆమె ఫోనునూ తీసుకున్నాడు.

"అది మన ఇల్లు," అంది.

"మనది కాదు."

"వాళ్ళు వచ్చేసరికి నువ్వక్కడ ఉండవు కదా?"

"అక్కడ పడుకుని లేస్తున్నానంతే. ఉండి చాలా రోజులైంది."

గార్డులు వచ్చి ఆమెను కిందికి తీసుకెళ్ళారు. అతను కూర్చుని, బఫర్ తుడిచే ఆ ఒక్క లైనూ రాశాడు. ఈసారి చదివి సంతకం పెట్టాడు.

ఒంటిగంటకు పెద్దాయన ఫోను. "కాపు కాసిన మనవాళ్ళకు ఇద్దరూ దొరికారు. మీ అక్క నిద్రలేచి, పొద్దున్నే ఎవరు ఫోను చేశారని విసుక్కుంటోంది. మెషీన్ కాస్త నెమ్మదించినట్టుందే?"

"అవునండీ."

"ఇంకోటి. నీ ఇంటి తలుపు విరిగింది."

"ఫర్వాలేదండీ," అన్నాడు గడియారం. "రెండేళ్ళుగా దాన్ని ఎవరూ తట్టింది లేదు."