వంద వాట్ల టార్చి, వంద చేతులు

"ద్వీపం కాదయ్యా, దీపం! ఆపరేషన్ దీపం!" చీఫ్ బల్ల మీద అరచెయ్యి చరిచాడు.

ఏజెంట్ నీడ ఈత కళ్లద్దాలను నుదుటి మీదికి తోసుకుని, ఈత సామాను సంచీని కాలితో కుర్చీ కిందకి నెట్టాడు. పొద్దున ఫోన్లో గరగర అలాంటిది మరి.

"విను. ఊరికి నీళ్లిచ్చే పంపుహౌస్ కింద సొరంగంలో విదేశీ ముఠా బాంబు పెట్టింది. ఇవాళ మూడింటికి పేలుస్తారు. రిమోట్ జలగ అనేవాడి చేతిలో ఉంది. సొరంగం చీకటి. వాడికి చీకట్లో చూసే నైట్ విజన్ గాగుల్స్ ఉన్నాయి, మనకి లేవు."

"కాల్చేస్తే?"

"వాడు చావుకి తెగించినవాడు. పడిపోతూ బటన్ నొక్కుతాడు. వాడి సెక్రటరీ మేడమ్ మన మనిషే. 'ఉక్కగా ఉంది' అంటుంది. అదే కోడ్. నువ్వు గాగుల్స్‌లోకి వెలుగు కొట్టు, వాడి కళ్లు బైర్లు కమ్మగానే రిమోట్ ఆవిడ లాక్కుంటుంది."

అందుకు టార్చి తయారుచేసింది నీడ అక్క మొగుడే. వర్క్‌షాప్‌లో బావ దాన్ని చంటిపిల్లలా ఎత్తి చూపించాడు.

"కారు హెడ్‌లైట్ బల్బు, బామ్మర్దీ. వంద వాట్లు! ప్లాస్టిక్ రిఫ్లెక్టర్ కరిగిపోతుందని అల్యూమినియంది వేశా. ముందు గాజు. స్విచ్‌లో సన్నరేకు కాలిపోతుందని తీసి రాగిపట్టీ బిగించా. ఫుల్ ఛార్జి మీద నాలుగు నిమిషాలు. ఆపైన ఇది ఉత్త రోకలి."

"అప్పుడేం చెయ్యాలి?"

"ముట్టుకోకూడదు. కాసేపు వదిలేస్తే సెల్స్ తేరుకుని ఒక్కసారి వెలిగిస్తాయి. కానీ నువ్వు ఆగుతావా? లిఫ్ట్ బటన్ కూడా పదిసార్లు నొక్కే రకానివి."

ఆఫీసు రూలు ప్రకారం అన్ని సెక్షన్లూ 'సరిచూశాం' అని సంతకం పెడితే తప్ప ఏ సామానూ గేటు దాటదు. టార్చి నీడ చేతికి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. పట్టుకుంటే వెచ్చగా ఉంది. అప్పుడే తయారైన సరుకని మురిసిపోయాడు.

పంపు మెకానిక్ వేషంలో సొరంగంలోకి దిగాడు. కన్ను పొడుచుకున్నా కనబడని చీకటి. దూరం నుంచి సెంటు వాసన, దాని వెనకే మేడమ్ గొంతు.

"అబ్బ, ఉక్కగా ఉంది."

నొక్కాడు. వంద వాట్ల బల్బు సిగరెట్ కొనంత ఎర్రబడి ఆరిపోయింది. మళ్లీ నొక్కాడు. మళ్లీ. ఇది టార్చి కాదు, టార్చర్!

"ఎవడ్రా అక్కడ?" జలగ గొంతు.

"మెకానిక్కుని సార్. పంపు కారుతోందంటే వచ్చా."

"చేతిలో ఏంటది?"

"టార్చే సార్. వెలిగి చావట్లేదు."

జలగ నవ్వుకుంటూ దగ్గరికి నడిచాడు.

"ఉక్కగా ఉందన్నానా!" మేడమ్ పళ్లు కొరికింది. "చచ్చేంత ఉక్కగా ఉంది!"

నీడ బొటనవేలు స్విచ్ మీద గిలగిల్లాడింది. బావ మాట గుర్తొచ్చి వేలు తీసేశాడు. ఇన్నేళ్ల సర్వీసులో కత్తులకూ తుపాకులకూ చెమట పట్టనివాడికి ఒక బటన్ నొక్కకుండా నిలబడటానికి ఒళ్లంతా తడిసిపోయింది. బూట్ల చప్పుడు దగ్గరైంది. ఇంకా దగ్గరైంది. జలగ ఊపిరి మొహానికి తగిలింది.

"మూడవుతోంది. నీకూ టైమైంది," అని వాడు రిమోట్ ఎత్తాడు.

నీడ నొక్కాడు.

సొరంగం తెల్లబడింది. జలగ కెవ్వుమని రెండు చేతులతో కళ్లు మూసుకున్నాడు. జారిన రిమోట్‌ను మేడమ్ నేల తాకకుండా అందుకుంది. బల్బు టప్పున మాడిపోయింది.

సాయంత్రం చీఫ్ గదిలో జరిగిన మీటింగులో బావ ఉగ్రుడైపోయాడు. "నాలుగు నిమిషాల ఛార్జి ఎవరు మింగేశారు?"

స్టోర్స్‌వాడు గొణిగాడు. "గోడ మీద ఒక్కసారి వేసి చూశాం."

సేఫ్టీవాడు తల దించుకున్నాడు. "మేం వేళ్లతో కుక్క నీడ చేశాం. చాలా బాగా వచ్చింది."

"బల్ల కింద నా పెన్ను పడిపోతేనూ..." అన్నాడు అకౌంట్స్ ఆయన.

టార్చి ఎందుకు వెచ్చగా ఉందో నీడకి ఇప్పుడు వెలిగింది. అందరూ చీఫ్ వైపు తిరిగారు.

చీఫ్ దగ్గాడు. "సంతకం పెట్టాలి కదయ్యా. గదిలో వెలుతురు చాలలేదు."

నీడ పొద్దున కుర్చీ కింద వదిలేసిన సంచీ తీసి భుజాన వేసుకుని, ఈత కళ్లద్దాలు పెట్టుకున్నాడు.

"సార్, నన్ను ద్వీపానికే పంపించండి."